ఛాయాదేవి గారి నీలం బండి

తొంభై ఆరులో, వానలు వెనకబట్టిన రోజుల్లో, గవర్నర్‌పేటలోని ఒక ఇరుకు సందులోకి నీలం రంగు పికప్ వ్యాను ఒకటి వచ్చి ఆగింది. కాగితాల దుకాణాలు, లాడ్జీలు, ప్లీడర్ల ఆఫీసులు ఉన్న సందు కాబట్టి సరుకు దించే బళ్ళు అక్కడికి రావడం వింతేమీ కాదు. అయితే ఈ బండి డ్రైవరు సీట్లోంచి నేతచీర కట్టుకున్న యాభై ఏళ్ళ ఆడమనిషి దిగింది. తలుపు ధడాలున వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని మేడమెట్లు ఎక్కింది. ఎదుటి జిరాక్సు కొట్లో వాళ్ళు చేస్తున్న పని ఆపి మరీ చూశారు.

మేడమీద ఆమె భర్త రామకోటేశ్వరరావు పేపరు చదువుకుంటున్నాడు.

"కొన్నావా?" అన్నాడు తల ఎత్తకుండానే.

"కొన్నానండీ."

"కారేగా?"

"కారని నేనెప్పుడన్నాను? బండి అన్నాను."

అతను లేచి కిటికీలోంచి కిందికి చూశాడు. ముక్కు చిట్లించి, "రొయ్యల కంపు ఇక్కడిదాకా కొడుతోందే ఛాయా" అన్నాడు.

ఛాయాదేవిది చల్లపల్లి పక్కన పల్లె. తండ్రి హనుమయ్య ఆ చుట్టుపక్కల అందరికన్నా ముందు ట్రాక్టరు కొన్న రైతు. చిన్నపిల్లగా తండ్రి పక్కన మడ్‌గార్డు మీద కూర్చుని తిరిగి తిరిగి, లంగా వోణీ వేసుకునే వయసొచ్చాక ఒకరోజు, ఆయన భోజనానికి కూర్చున్న సమయం చూసి, తనే ట్రాక్టరు తీసుకెళ్ళి కాలవగట్టు మీద ఒక చుట్టు తిప్పి తెచ్చింది. తల్లి గుండెలు బాదుకుంది. హనుమయ్య మాత్రం చెయ్యి కడుక్కుని వచ్చి, "గేరు మార్చేటప్పుడు అంత గట్టిగా లాగకూడదమ్మా, దానికీ నొప్పేస్తుంది" అన్నాడు. అంతే.

ఆ తర్వాత ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, బెజవాడ వచ్చింది. టెలిఫోను ట్రంకు ఎక్స్ఛేంజిలో, కిటికీలు బిగించేసిన పొడుగాటి హాల్లో, చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని ఆమె వయసంతా గడిచింది. "హలో బందరు... హలో ఏలూరు... మాట్లాడండి..." ఎవరింట్లోనో బిడ్డ పుట్టిన కబురు, ఎక్కడో ఎవరో పోయిన కబురు, అన్నీ ఆమె చేతిలోని తీగల మీదుగా వెళ్ళేవి. బయట వాన పడుతోందో ఎండ కాస్తోందో డ్యూటీ దిగితేగాని తెలిసేది కాదు. పక్క బోర్డు మీద కూర్చునే తెరేసమ్మ ఒక్కతే అక్కడ ఆమెకు స్నేహితురాలు.

ఇంట్లో రామకోటేశ్వరరావు మంచివాడే. నోటుబుక్కులు, పెన్నులు హోల్‌సేలుగా అమ్మే కొట్టు అతనిది. కొట్టు, ఇల్లు, మళ్ళీ కొట్టు. ఊరు దాటడమంటే అతనికి జ్వరం. "అలా ఎక్కడికైనా గాలికి వెళ్దామండీ" అంటే, "ఫ్యాను వేసుకో" అనేవాడు. పిల్లలు లేరు. ఆ సంగతి ఇద్దరూ ఎప్పుడో మాట్లాడుకుని, ఇక మాట్లాడకూడదనుకుని ఊరుకున్నారు.

ఒక ఏడాది ఆఫీసు వాళ్ళు బస్సు మాట్లాడుకుని మంగినపూడి బీచికి పిక్నిక్ వెళ్ళారు. మగవాళ్ళు కేరింతలు కొడుతూ నీళ్ళలో దిగారు. ఆడవాళ్ళందరూ సరుగుడు చెట్ల కింద దుప్పట్లు పరుచుకుని కూర్చున్నారు. ఎవరూ మంచినీళ్ళ జోలికి పోలేదు. మధ్యాహ్నం దాటేసరికి ఒక్కొక్కరి మొహం వాడిపోయింది.

"పొద్దున్నుంచీ గుక్కెడు నీళ్ళు తాగలేదు ఛాయా," అంది తెరేసమ్మ చెవిలో. "తాగితే ఎక్కడికి పోతాం? త్వరగా బయల్దేరమని చెప్పవే."

ఎండ చల్లబడి, నీళ్ళు రాగి రంగుకు తిరుగుతున్న సమయానికి బస్సు హారన్ మోగింది. ఛాయాదేవి వెనక సీట్లో కూర్చుని, సముద్రం కనబడడం మానేసేదాకా మెడ తిప్పి చూస్తూనే ఉంది. ఆ బస్సు తనదైతే ఇంకో గంట ఉండేది కదా అనుకుంది. ఆ మాట ఆమెను వదల్లేదు. వీధి వీధికీ ఎస్టీడీ బూతులు వచ్చి, ఎక్స్ఛేంజిలో బోర్డులు ఒక్కొక్కటే మూగబోతుంటే, ఇంకా సర్వీసు ఉండగానే రిటైర్‌మెంటు పెట్టేసింది. లైసెన్సు తీసుకుంది. తిన్నగా ఆటోనగర్ వెళ్ళింది.

ఆటోనగర్‌లో అష్ఫాక్ అని, జీపులకు టాపులు, సీట్లు చేసే అతను ఉండేవాడు. ఎక్స్ఛేంజి జీపుకు సీట్లు అతనే వేశాడు కాబట్టి ఛాయాదేవికి మొహం పరిచయం. ఆ రోజుల్లో కైకలూరు వైపు రొయ్యల చెరువులకు తెగులొచ్చి, వ్యాపారాలు దెబ్బతిని, ఐసు పెట్టెలు మోసిన వ్యాన్లు ఆటోనగర్‌లో వరసగా అమ్మకానికి నిలబడి ఉండేవి. అష్ఫాక్ ఆమెను ఆ వరస వెంట నడిపించి, ఒక నీలం పికప్ దగ్గర ఆగాడు.

"ఇంజను బావుందండీ. బాడీయే ఉప్పుకి తినేసింది. అది నే చూసుకుంటా. ఇంతకీ ఏం లోడేస్తారు మేడం? సిమెంటా, కూరగాయలా?"

"మనుషుల్ని."

"మనుషులంటే... సర్వీసా అండీ?"

"కాదయ్యా. నేను, నా స్నేహితురాళ్ళు. సముద్రం దగ్గరికో, చెరువు దగ్గరికో వెళ్ళి, పొద్దుపోయేదాకా కూర్చుని వస్తాం."

అష్ఫాక్ గడ్డం నిమురుకున్నాడు. "గుడికా అండీ?"

"గుడికీ కాదు, పెళ్ళికీ కాదు. ఊరికే."

అతను నవ్వాపుకున్నాడు గాని, ఆమె బండెక్కి ఆటోనగర్ గుంటల రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి తెచ్చి, "సెకండు గేరు పట్టేస్తోంది, చూడు" అన్నాక, ఆ నవ్వు పోయి ముచ్చట వచ్చింది. "ఈ బండికి నేనే పని చేస్తా మేడం. ఇంకెవరికీ ఇయ్యొద్దు" అన్నాడు. సరుకు బండిని సొంత వాడకం బండిగా మార్పించే కాగితాల తిప్పలు కూడా అతనే పడ్డాడు.

ముందు కంపు వదిలించాలి. చింతపండు పిసికి తోమారు, కుంకుడు రసం పోశారు, సున్నం కొట్టి ఎండబెట్టారు. ఎన్ని చేసినా ఎండ ముదిరితే చాలు, ఆ రేకులోంచి సన్నగా రొయ్యల వాసన లేచేది. సందులో పిల్లులన్నీ బండి కింద కాపురం పెట్టాయి. ఛాయాదేవి ప్రతిరోజూ తాళం తియ్యకముందు వంగి "హుష్" అనడం ఒక అలవాటైపోయింది.

తర్వాత చలికాలం వచ్చేదాకా బండి అష్ఫాక్ షెడ్డులోనే ఉంది. ఇనప గొట్టాలు వంచి గూడులా నిలబెట్టి, పైన ఖాకీ రంగు టార్పాలిన్ కప్పాడు. రెండు పక్కలా పైకి చుట్టి కట్టుకునే పరదాలు పెట్టాడు. అటొకటి ఇటొకటి పొడుగాటి బల్లలు, వాటి కింద సామాన్ల పెట్టెలు. రెండు బల్లల మధ్య చెక్క పలకలు వేస్తే మొత్తం మంచమైపోతుంది. ఒక మూల కిరసనాయిలు స్టవ్వు కదలకుండా కూర్చునే గూడు, ఇంకో మూల కుళాయి బిగించిన నీళ్ళ డబ్బా. వెనక తలుపు తెరిస్తే అదే వంటబల్ల. ఛాయాదేవి రోజూ టిఫిను క్యారియరు పట్టుకుని సిటీ బస్సులో ఆటోనగర్ వెళ్ళి, షెడ్డులో స్టూలు మీద కూర్చుని ఆ పని చూసేది. వెల్డింగు మెరుపులు, పెయింటు వాసన, పక్క షెడ్డులో రేకు మీద సుత్తి దెబ్బలు. కొత్తిల్లు కట్టుకునేవాళ్ళు కూడా అంత ఇష్టంగా చూసి ఉండరు.

పరదాలు, బల్లల మీది పరుపు కవర్లు కుట్టేది అష్ఫాక్ భార్య షాహీదా. షెడ్డు వెనక గదిలోనే మిషను. సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి. మాట తక్కువ. ఒకరోజు కొలతలు తీసుకుంటూ, భర్త పక్కకు వెళ్ళాక, మెల్లగా అడిగింది.

"మేడంగారండీ, ఓ మాట అడగనా? ఏమీ అనుకోరుగా?"

"అడుగమ్మా."

"వంటకి గూడు పెట్టించారు, పడకకి చెక్కలేయించారు. మరి అవసరమైతే ఆడోళ్ళు ఎక్కడికెళ్తారండీ? మగాళ్ళకేముంది, ఏ చెట్టు చాటుకో పోతారు."

ఛాయాదేవికి మంగినపూడిలో ఎండిపోయిన గొంతులతో కూర్చున్న ఆడవాళ్ళు కళ్ళముందు కదిలారు. ఇన్ని ఆలోచించి అసలైనది తనకెందుకు తట్టలేదో అర్థం కాలేదు.

"నువ్వే చెప్పు, ఏం చేద్దాం?"

షాహీదా అప్పటికే ఆలోచించి పెట్టుకుంది. బండి వెనక పక్కన బయటికి తిరిగే ఇనప కమ్మీ ఒకటి, దానికి చుట్టూ నేలదాకా వేలాడే మందపాటి కాన్వాసు. గాలికి ఎగరకుండా అంచులో ఇసక పోసుకునే సంచులు. లోపల మడత కుర్చీ, కింద గుంట తవ్వుకోవడానికి చిన్న పార, బకెట్టు, మగ్గు. అష్ఫాక్ ఆ మాట విని దగ్గొచ్చినట్టు దగ్గి బయటికి వెళ్ళిపోయాడు గాని, కమ్మీ మాత్రం సాయంత్రానికల్లా బిగించాడు. దాని పేరు షాహీదా గది అయిపోయింది.

బండి తీసుకెళ్ళే రోజు ఛాయాదేవి అడిగింది. "ఆదివారం హంసలదీవి వెళ్తున్నాం. కుట్టినదానివి నువ్వు రాకపోతే ఎలా?"

షాహీదా భర్త వంక చూసింది. పుట్టిల్లు, అత్తిల్లు, బంధువుల పెళ్ళిళ్ళు, దర్గా ఉరుసు తప్ప ఆమె ఎక్కడికీ వెళ్ళింది లేదు. అష్ఫాక్ స్పానరు తుడుచుకుంటూ కాసేపు ఆలోచించాడు.

"వెళ్ళు," అన్నాడు. "దారిలో ఏ కట్టో ఊడితే నా షెడ్డు పేరు పోద్ది. నువ్వుంటే ఏది ఎక్కడుందో తెలుసు."

అలా తెరేసమ్మతో కలిపి ముగ్గురు ఆడవాళ్ళు బయల్దేరారు. రామకోటేశ్వరరావు మెట్లదాకా వచ్చి, "స్టెప్నీలో గాలి ఉందా?" అని మాత్రం అడిగి లోపలికి వెళ్ళిపోయాడు. ఉయ్యూరులో చెరుకు బళ్ళు అడ్డం. పామర్రు దాటాక రెండు పక్కలా కోసిన వరి పనలు, మినపచేల పచ్చదనం. చల్లపల్లిలో ఆగి టీ తాగారు. అవనిగడ్డ, కోడూరు దాటేసరికి గాలిలో ఉప్పు తగిలింది.

హంసలదీవిలో సముద్రం ఒడ్డున బండి ఆపి, పరదాలు పైకి చుట్టి, షాహీదా గది నిలబెట్టి, స్టవ్వు వెలిగించారు. తెరేసమ్మ గ్లాసు నిండా మంచినీళ్ళు పోసుకుని, అందరూ చూస్తుండగా గటగటా తాగి, "ఇంకోటి పొయ్యి!" అంది. ముగ్గురికీ నవ్వు ఆగలేదు. ఛాయాదేవి పులిహోర, షాహీదా తెచ్చిన ఖీమా, తెరేసమ్మ అరిసెలు అన్నీ ఒకే బల్ల మీద పెట్టుకుని తిన్నారు. తర్వాత షాహీదా బురఖా అంచు మోకాళ్ళదాకా ఎత్తి పట్టుకుని నీళ్ళలో నిలబడింది. చాలాసేపటికి వెనక్కి తిరిగి అడిగింది.

"అక్కగారండీ, ఎందుకొచ్చారని ఇక్కడ ఎవరూ అడగరాండీ?"

"ఎవరడుగుతారు?"

"అదే నేనూ చూస్తున్నా," అని మళ్ళీ అటు తిరిగింది.

సాయంత్రం తెరేసమ్మకు ఆశ పుట్టింది. ఇంకొంచెం ముందుకు పోనివ్వవే, బండిలోంచే అలలు చూద్దాం అంది. ఛాయాదేవికీ ఉబలాటమే. కాలవగట్లు తెలిసిన మనిషేగాని సముద్రపు ఇసక తెలియదు. వెనక చక్రాలు తడి ఇసకలో దిగిపోయాయి. ఎంత తొక్కితే అంత లోపలికి. పోటు మొదలై అలల నురుగు ముందు టైరును తాకి పోతోంది. తెరేసమ్మ ప్రార్థన మొదలుపెట్టింది. ఛాయాదేవి కిందికి దిగి చక్రాలు చూసింది. కొత్త బండి, చూస్తుండగా సముద్రం పాలయ్యేలా ఉంది.

షాహీదా బండెక్కి, రెండు పక్కల పరదాలూ కొక్కేల్లోంచి ఊడదీసి, మడతలు పెట్టి చక్రాల కిందికి తోసేసింది.

"అయ్యో, నెల రోజులు కుట్టావే!" అంది ఛాయాదేవి.

"మళ్ళీ కుడతానండీ. మీరు ఎక్కండి."

దూరంగా వల లాగుతున్న జాలర్లు ఈ గొడవ చూసి పరుగెత్తుకొచ్చారు. వాళ్ళలో పెద్దాయన సొలొమోను కిటికీ దగ్గరికొచ్చి, "అమ్మగారో, కంగారుగా తొక్కమాకండి. మెల్లిగా, మెల్లిగా... మేం తోస్తాం" అన్నాడు. ఛాయాదేవి రివర్సు గేరు వేసి, కళ్ళు మూసుకుని క్లచ్చి మెల్లగా వదిలింది. పరదాలు పర్రుమని చిరిగిన చప్పుడు వినబడింది. బండి ఒక్కసారి ఊగి, ఏనుగు లేచినట్టు లేచి గట్టి నేల ఎక్కింది. జాలర్లందరికీ టీ కాచి పోసి, చీకటి పడుతుండగా బయల్దేరారు. పరదాల్లేని బండిలో చలిగాలి రెండు పక్కలా దూసుకుపోతుంటే, తెరేసమ్మ వెనకాల కీర్తనలు పాడుతూనే ఉంది.

గవర్నర్‌పేట సందు మొదట్లో కిళ్ళీ కొట్టు దగ్గర రామకోటేశ్వరరావు నిలబడి ఉన్నాడు. అతను కిళ్ళీ వేసుకోడు.

"పరదాలేవి?" అన్నాడు.

"సముద్రం తినేసిందండీ."

"అన్నం వండించాను. తిందువుగాని రా" అన్నాడు. పొద్దున ఛాయాదేవి లేచేసరికి అతను పంచె ఎగ్గట్టి, బకెట్టు పెట్టుకుని బండి అడుగుభాగం కడుగుతున్నాడు. ఆమెను చూసి, "ఉప్పు నీళ్ళు. తుప్పు పడుతుంది" అన్నాడు కోపంగా.

ఆ తర్వాత ఏళ్ళు ఎలా గడిచాయో తెలియదు. కొండపల్లి కొండ పక్కన, ఆటపాక గూడబాతుల దగ్గర, బ్యారేజీ కింద ఎండాకాలం బయటపడే ఇసక తిన్నెల మీద, ఎక్కడ చూసినా ఆ నీలం బండి. జిరాక్సు కొట్టు అతని తల్లి వచ్చింది, ప్లీడరు గారి భార్య వచ్చింది, లాడ్జీలో ఊడ్చే మాణిక్యమ్మ వచ్చింది. "ఆడాళ్ళు లారీలేసుకుని తిరగడమేంటో" అన్న చుట్టాలావిడ కూడా మరుసటి ఏడాదికి తన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. తెరేసమ్మ ఒకే ఒక్క చట్టం పెట్టింది: ఎవరూ ఒక కూర కన్నా ఎక్కువ వండి తేకూడదు, తెల్లవారుజామునే లేచి చాకిరీ చేసి వస్తే ఇక విహారమేముంది అని.

రామకోటేశ్వరరావు మాత్రం స్టెప్నీలో గాలి సంగతి అడగడం తప్ప మెట్లు దిగేవాడు కాదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అతని కొట్టు సగం పోయింది. మిగిలిన సగం ఎవరికో ఇచ్చేసి ఇంట్లో కూర్చున్నాడు. మాట తగ్గిపోయింది. రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. ఆ ఎండాకాలం కరెంటు కోతలు కూడా ఎక్కువే. ఒక ఆదివారం ఛాయాదేవి బండి తీస్తుంటే, అతను తలగడ చంకలో పెట్టుకుని మెట్లు దిగి వచ్చాడు.

"తలగడెందుకండీ?"

"ఇంకో తలగడ మీద నాకు నిద్ర పట్టదు," అని వెనక ఎక్కి కూర్చున్నాడు. ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు.

నాగాయలంకలో కృష్ణ ఒడ్డున బండి ఆపి, చెక్క పలకలు వేసి పరుపు పరిచారు. నది మీంచి గాలి వస్తోంది. అతను పడుకున్నాడు. వంటయింది, భోజనాలయ్యాయి, షాహీదా మెల్లగా పరదా దించి ఎండ పడకుండా కట్టింది. సాయంత్రానికి లేచి కూర్చుని, పరాయి చోట ఉన్నవాడిలా చుట్టూ చూశాడు.

"ఇంత నిద్ర ఇక్కడ పెట్టుకుని, నాకు చెప్పకుండా వారం వారం నువ్వొక్కదానివే వస్తున్నావా?" అన్నాడు.

"ఐదేళ్ళనుంచీ చెబుతూనే ఉన్నానండీ," అంది ఛాయాదేవి. గిన్నెలు కడగడానికి నీళ్ళలోకి దిగింది.

ఇప్పుడా సందులో ఎస్టీడీ బూతులు లేవు. సముద్రం ఒడ్డున కొట్లు, కుర్చీలు, టిక్కెట్లు వచ్చాయి. కార్లు వరసగా నిలబడి ఉంటాయి. నీలం బండికి వయసు మీరి, కాగితాలు మళ్ళీ చేయించే వీల్లేక, రెండు వేల తొమ్మిదిలో అష్ఫాకే తన చేత్తో విప్పేశాడు. ఆ పూట షెడ్డులో ఇంకే పనీ పెట్టుకోలేదట.

అయితే ఛాయాదేవి ఎక్కువగా తలుచుకునేది అంతకు ముందు సంవత్సరాల్లోని ఒక ఆదివారం. ఆమె కళ్ళకు శుక్లాలు వచ్చాయి. ఆపరేషనయ్యేదాకా నడపొద్దన్నారు. ఇక బండి ఆగిపోయినట్టేనని అందరూ అనుకున్నారు. ఆదివారం పొద్దున షాహీదా వచ్చి చెయ్యి చాపింది. "తాళం ఇవ్వండక్కా." సెలవురోజుల్లో ఖాళీగా ఉండే ఆటోనగర్ రోడ్ల మీద అష్ఫాక్ పక్కన కూర్చుని ఎప్పుడు నేర్చుకుందో, లైసెన్సు ఎప్పుడు తీసిందో, ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు ఛాయాదేవి మొదటిసారి తన బండిలో వెనక కూర్చుంది. ఒక పక్క తెరేసమ్మ, ఎదురుగా రామకోటేశ్వరరావు, ఒళ్ళో అతని తలగడ. కరకట్ట మీద దారి వెనక్కి వెనక్కి పోతోంది. అరటితోటలు, ఇటుక బట్టీలు, మధ్య మధ్య నది తళుక్కులు. మసకబారిన కళ్ళకు అంతా నీళ్ళలో కలిపిన రంగుల్లా ఉంది. ఇన్నేళ్ళూ ముందున్న గుంటలు చూసుకుంటూ నడిపిన మనిషికి, వెనక కూర్చున్నవాళ్ళు ఇంత చూస్తున్నారని తెలియదు.

దారి చీలే చోట బండి ఆగింది. కేబిన్ వెనక చిన్న కిటికీలోంచి షాహీదా మొహం కనబడింది.

"అక్కా, ఎటు పోనిమ్మంటారు?"

"నీ ఇష్టమే," అంది ఛాయాదేవి.

షాహీదా ఒక్క క్షణం ఆలోచించి, గేరు మెత్తగా వేసి, ఎడమవైపుకు తిప్పింది.